ధనలక్ష్మీపురం ఫ్లాటు, బాడుగ లెక్కలు

హోస్ట్: ఆఁ అక్కా, రికార్డింగ్ ఆన్‌లోనే ఉండాది, మాట్లాడు. వినేవాళ్ళకి చెప్తా, అక్కవాళ్ళు ఉండేది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో, ముత్తుకూరు రోడ్డు మీద ధనలక్ష్మీపురంలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉంది, దాన్ని బాడుగకి ఇస్తుంటారు. టౌను బయట ఫ్లాటు కొని బాడుగకిస్తే గిట్టుబాటవుద్దా అని మనోళ్ళు శానామంది అడుగుతుండారు అక్కా.

అక్క: లోను పెట్టి కొని, బాడుగతో ఈఎమ్ఐ కట్టేద్దాం అనుకునేవాళ్ళని మాత్రం గమ్మున ఉండమని చెప్పబ్బయ్యా. మాకు నెలకి 12 వేలు వస్తది, ఈఎమ్ఐ దానికి రెండింతల పైనే. మేం కొన్నది పిల్లోడికి ఎప్పటికైనా పనికొస్తదని. ఊరికే తాళం వేసి పెడితే బూజు పట్టిపోద్ది, మెయింటెనెన్సు మాత్రం నెలనెలా మనమే కట్టాల, అందుకని ఇచ్చినాం.

హోస్ట్: మరి బాడుగ ఎంత చెప్పాల? అందరూ కొట్టుకునేది ఆడే కదా.

అక్క: మా బిల్డింగ్‌లోనే పై ఫ్లోరాయన ఉండాడు, నాది 12 వేలకి పోయింది, ఆయన 13కి తగ్గేదే లేదని కూర్చున్నాడు. లెక్కెయ్ నువ్వే. నెలకి వెయ్యి ఎక్కువొస్తే ఏడాదికి 12 వేలు. ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేదీ అంతే కదా. రెండు నెలలు ఖాళీ పడిందంటే ఆ వెయ్యి కోసం రెండేళ్ళు కష్టపడాల, ఆ మధ్యలో మెయింటెనెన్సు, కరెంటు మినిమం బిల్లు, అయ్యన్నీ మన జేబులోంచే. ఆయనకి చెప్తే "మార్కెట్ రేటమ్మా" అంటాడు. సరే, మార్కెట్ వచ్చి ఉంటదేమో ఆ ఇంట్లో.

హోస్ట్: (నవ్వు) పైగా ఆషాఢంలో ఖాళీ అయిందంటే ఇంక అంతే.

అక్క: అదే చెప్పబోతున్నా! ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఈ నెలల్లో మనోళ్ళు కొత్తింట్లో పాలు పొంగియ్యరు. జూన్ ఆఖర్లో ఎవరన్నా ఖాళీ చేసినారంటే శ్రావణం వచ్చిందాకా టులెట్ బోర్డు ఊగుతానే ఉంటది. పిలకాయలుండే వాళ్ళయితే స్కూళ్ళు తెరవకముందే, మే నెల్లోనే ఇల్లు చూసేసుకుంటారు. అందుకని నేను అగ్రిమెంటులో రెండు నెలల నోటీసు రాయిస్తా, పైగా ఏప్రిల్లో ఒకసారి ఫోన్ చేసి, ఉంటారా, ట్రాన్స్‌ఫర్ గిట్రా ఏమన్నా ఉందా అని అడుగుతా. మా రోడ్డులో బాడుగకొచ్చేది కృష్ణపట్నం పోర్టు వైపు పనిచేసేవాళ్ళు, నేలటూరు థర్మల్ వాళ్ళు, వాళ్ళకి బదిలీ ఎప్పుడొస్తదో వాళ్ళకే తెలీదు పాపం.

హోస్ట్: అగ్రిమెంటు అందరూ 11 నెలలే ఎందుకు రాస్తారక్కా?

అక్క: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఉంది కదా, దాంట్లో ఏడాదికి మించిన లీజైతేనే రిజిస్టర్ చేయించాలని ఉండేది. మన ఆంధ్రాలో 1999లో దాన్ని మార్చి, ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే అన్నారు, పాత అలవాటు మాత్రం పోలా. స్టాంపు డ్యూటీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తిరుగుడు, ఇదంతా ఎందుకులే అని 11 రాసుకుంటారు, అయిపోయాక మళ్ళీ కొత్తది. కానీ దాంట్లో ఏముందో ఎవరూ చదవరబ్బా. స్టాంపు పేపర్లాయన కంప్యూటర్లో ఒకటే ఉంటది, పేర్లు మార్చి ప్రింటు తీసిచ్చేస్తాడు. మాకొకసారి ఫ్లాటుకి "సదరు షాపు" అని వచ్చింది, చదివినా కాబట్టి సరిపోయింది.

హోస్ట్: తాళాలిచ్చే రోజు ఏం చూసుకోవాల?

అక్క: మొదట మీటరు కాడికి తీసుకుపోతా, రీడింగ్ ఫోటో నా ఫోన్లో ఒకటి, వాళ్ళ ఫోన్లో ఒకటి. సర్వీసు మన పేరు మీద ఉంటది, వాళ్ళు బిల్లు కట్టకుండా పోతే బాకీ మన సర్వీసు మీదే కూర్చుంటది. తర్వాత బాత్‌రూములు. మాది బోరు నీళ్ళు, షవరు బెజ్జాలన్నీ తెల్లగా గార కట్టి మూసుకుపోతాయి, గీజరు కాయిల్ కూడా పోతుంటది. దానికి టెనెంటేం చేస్తాడు, నేనే మార్పిస్తా. కానీ దేవుడి పటాలకని వంటింటి టైల్సుకి డ్రిల్లింగ్ కొట్టినారనుకో, అడ్వాన్సులో పట్టుకుంటా. ఆ మాట టైల్సు చూపించే చెప్తా.

హోస్ట్: టాక్సు?

అక్క: వచ్చిన బాడుగలోంచి మనం కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం రిపేర్లూ గట్రా కింద వదిలేస్తారు, రంగులేసినా వేయకపోయినా, బిల్లులేం అడగరు. బాడుగకిచ్చిన ఇంటి మీద కట్టే లోను వడ్డీ కూడా ఆ లెక్కలోంచి తీసేసుకోవచ్చు. మెయింటెనెన్సు వేరేగా చూపిస్తానంటే కుదరదు. ఇదంతా ఆడిటర్ చూసుకుంటాడులే. అసలు తిరకాసు ఎన్నారైలకి. మా మరిది డల్లాస్‌లో ఉంటాడు, వాళ్ళకీ అదే బిల్డింగ్‌లో ఒకటుంది. ఓనరు ఎన్నారై అయితే బాడుగ ఎంత తక్కువైనా సరే టెనెంటే టీడీఎస్, అంటే బాడుగలోంచే ముందుగా పట్టుకునే పన్ను, పట్టి ప్రభుత్వానికి కట్టాల, 30 శాతం, సెస్సుతో 31.2. మనలాంటి వాళ్ళయితే నెలకి 50 వేలు దాటితేనే ఆ గోల. మన నెల్లూర్లో ప్రతి బిల్డింగ్‌లో ఒక అమెరికా ఫ్లాటుంటది, దాంట్లో ఉండేవాళ్ళలో ఇది తెలిసినోళ్ళు ఎంతమందంటావ్? మా మరిదైతే ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళకి అప్లై చేసి తక్కువ పట్టేటట్టు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు.

హోస్ట్: లాస్ట్‌ది. ఎవరికిస్తావ్, ఎవరికియ్యవ్? వెజ్, నాన్‌వెజ్, బ్యాచిలర్స్...

అక్క: నెల్లూర్లో చేపల పులుసు వండొద్దంటే ఇంట్లోకి ఎవరొస్తార్రా! మెడికల్ కాలేజీలో పీజీ చేసే అమ్మాయిలకిచ్చినా, మా అసోసియేషన్లో గునిసినారు గానీ వాళ్ళంత టయానికి బాడుగ ఏసినోళ్ళు లేరు. కొందరు ఓనర్లు ముందు ఇంటిపేరు అడుగుతారు, దాన్ని బట్టి కులం లెక్కేసుకునేదానికి. నాకది గిట్టదు. ఆఫీసు ఐడీ, ఆధారు, ముందున్న ఇంటి ఓనరు నంబరు, ఇవి చాలు. ఆ నంబరు కూడా ఇప్పుడున్న ఇంటి ఓనరుది కాదు, దానికి ముందు ఉన్నింటి ఓనరుది అడుగు. ఇప్పుడున్నాయన వీళ్ళు పోతే చాలనుకుంటున్నాడనుకో, ఎంత మంచోళ్ళో అనే చెప్తాడు.