రిచర్డ్ చెక్కిన తొట్టి

అయ్యగారికి, సంఘపెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు వందనాలు. కొత్త బాప్తిస్మపు తొట్టిని ప్రతిష్ఠ చేసుకుంటున్నాం కాబట్టి బాప్తిస్మం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వాక్యం అయ్యగారు బాగా చెప్పారు. నేను తొట్టి సంగతి చెబుతాను.

మా అమ్మాయిని చూడ్డానికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, ఉత్తరాన కంబ్రియాలో కాకర్‌మత్ దగ్గరున్న బ్రైడ్‌కర్క్ అనే పల్లెకు తీసుకెళ్లింది. అక్కడి చర్చిని 1870 ప్రాంతంలో మళ్లీ కట్టారు. లోపలున్న రాతి తొట్టి మాత్రం 12వ శతాబ్దానిది. నాలుగు పక్కలా చెక్కడమే. ఒక పక్క యోహాను యేసుకు బాప్తిస్మమిస్తుంటాడు, పైన పావురం. ఇంకో పక్క ఆదాము హవ్వలను ఏదెను నుంచి వెళ్లగొడుతుంటారు.

నేను కదలలేకపోయింది మరో పక్క చూసి. అక్కడ ఒక మనిషి ఉలి, సుత్తె పట్టుకుని తీగ చెక్కుతున్నాడు. దేవదూత కాదు, రాజు కాదు. పనివాడు! అతని పైన పట్టీ మీద రూనిక్ అక్షరాలు, అంటే ఉత్తర యూరప్‌లో పాతకాలంలో రాళ్ల మీదా చెక్కల మీదా చెక్కే లిపి. ఆ తొట్టే మాట్లాడుతున్నట్టు రాసుంది: రిచర్డ్ నన్ను చేశాడు, ఇంత అందానికి తెచ్చాడు అని. చర్చి రాతలు ఎక్కువగా లాటిన్‌లో నడిచే కాలంలో మామూలు జనం ఇంగ్లీషులో, ప్రాస కలిపి మరీ.

మా నాన్న గుర్తొచ్చాడు. మీలో కొందరికి తెలుసు, ఆయన రాతిపని చేసేవాడు. ఒక ఊళ్లో హాలుకు పన్నెండు స్తంభాలు చెక్కాడు. చివర శిలాఫలకం కూడా ఆయన చేతే చెక్కించారు. ప్రారంభించినవారి పేరు, దాతల పేర్లు, కాంట్రాక్టరు పేరు. అక్షరం తప్పు పోకూడదని రాత్రి లాంతరు పెట్టుకుని చెక్కాడు. అందరి పేర్లూ చెక్కాడయ్యా, ఆయన పేరు లేదు. చిన్నపిల్లాణ్ణి, నీ పేరేది నాన్నా అనడిగాను. రాతిపొడి ఊదుకుంటూ ఉండిపోయాడు.

బాప్తిస్మం గురించి చెప్పమంటే వేరే ఎక్కడికో పోయాననుకోకండి. బాప్తిస్మమప్పుడు అయ్యగారు ముందు బిడ్డను పేరు పెట్టి పిలుస్తారు కదా. పేరు పెట్టి పిలిచే చోటే రాయి చెక్కినవాడి పేరు లేకపోతే ఎలా? బ్రైడ్‌కర్క్‌లో ఆ తొట్టి చేయించడానికి డబ్బు ఎవరిచ్చారో రాయి మీద లేదు. రిచర్డ్ ఉన్నాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఉన్నాడు.

తమ్ముడూ, వెనక తలుపు దగ్గర నిలబడ్డావే, ముందుకు రా. సిగ్గుపడకు. ఈ తొట్టి అంచు మీద ద్రాక్షగుత్తులు చెక్కింది ఇతనే. రెండు నెలలు ఎండలో కూర్చున్నాడు. సంఘపెద్దలూ, చేతులు జోడించి అడుగుతున్నాను. పీఠం మీద దాతల పేర్ల కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది, పొద్దున కొలిచాను. ఉలి అతని సంచిలోనే ఉంది. మీరు సరేనంటే భోజనాలయ్యేలోపు అతని పేరు చెక్కించేద్దాం.