మన హెడ్‌ఫోన్లు వేసే కేక

శ్రోతలకు నమస్కారం.

ఈ మాటలు చెబుతున్నప్పుడు నా తలకు ఒక హెడ్‌ఫోన్ ఉంది. స్టూడియో వాళ్లది. దానికి తీగ ఉంది. ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు కనిపిస్తూనే ఉంది. నా గొంతు నాకు వినిపించడం తప్ప దానికి ఇంకో పని లేదు. నా పేరు అడగలేదు. నేనెక్కడున్నానో అడగలేదు. నా సంచిలో ఇంకొకటి ఉంది, తీగ లేనిది. అది అన్నీ అడిగింది. ఈ పది నిమిషాలూ దాని గురించే.

ఈమధ్య రాత్రి రైల్లో వెళుతున్నాం. పాటలు విందామంటే నా హెడ్‌ఫోన్ ఫోనుకు కనెక్ట్ కాలేదు. మళ్లీ పెయిర్ చేద్దామని బ్లూటూత్ లిస్టు తెరిచాను. అందులో నాది లేదు గానీ ఎవరిదో పూర్తి పేరు ఉంది, పేరు పక్కన ‘హెడ్‌ఫోన్స్’ అని. తలెత్తి చూస్తే ఎదుటి బెర్తులో ఒకావిడ చెవులకు తెల్లటివి పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. ఆవిడతో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అయినా ఆవిడ పేరు నాకు తెలిసిపోయింది. ఏదో తప్పు చేసినవాడిలా ఫోను పక్కన పెట్టేశాను. ఇంతలో మా ఆవిడ తన ఫోను చూస్తూ, “మీరు ఆవిడ సంగతి చూస్తున్నారు గానీ, ఇక్కడ మీ పేరు కూడా ఉందండీ, ఇంటిపేరుతో సహా” అంది.

నిజమే. కొన్న రోజున యాప్ అడిగింది, నేనే టైపు చేశాను. ‘మీ హెడ్‌ఫోన్‌కు పేరు పెట్టండి’ అంటే ఏం పెడతాం? నాది కాబట్టి నా పేరు పెట్టాను. పుస్తకం మీద రాసుకున్నట్టు.

ఇక్కడొక చక్కటి కథ చెప్పాలి. కథ అన్నాను గానీ నిజంగా జరిగిందే. నార్వే రాజధాని ఓస్లోలో ఒక విద్యార్థి, చదువులో భాగంగా చేసిన పని. 2021లో ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే దాన్ని బయటపెట్టింది. మనలాంటి రేడియోవాళ్లే అనుకోండి, అందుకే నాకు కాస్త గర్వం కూడా.

ఆ అబ్బాయి చేసింది ఏమిటంటే, సైకిల్ తొక్కాడు. అంతే. పన్నెండు రోజులు, దాదాపు 300 కిలోమీటర్లు, ఊరి వీధుల్లో సైకిల్ తొక్కాడు. వెంట ఒక పరికరం పెట్టుకున్నాడు. అది ఎవరి ఫోనులోకీ చొరబడలేదు, ఏ తాళమూ పగలగొట్టలేదు. గాలిలో వచ్చే బ్లూటూత్ సంకేతాలను విని, ఏది ఎక్కడ వినిపించిందో రాసుకుంది. వినడం, రాసుకోవడం. వినడం, రాసుకోవడం. పన్నెండు రోజులయ్యేసరికి పదిహేడు లక్షల సంకేతాలు పోగయ్యాయి. అవి తొమ్మిది వేలకు పైగా పరికరాల నుంచి వచ్చినవి.

ఆ రాశిని జల్లెడ పట్టారు. ఒకసారి వినిపించి పోయినవాటితో ఎవరికీ పని లేదు. మళ్లీ మళ్లీ వినిపించినవి ఏవి? అక్కడ 129 హెడ్‌ఫోన్లు తేలాయి. ఒక్కొక్కటీ ఇరవై నాలుగు గంటలకు మించి అదే గుర్తుతో దొరికింది. అంటే నిన్న ఆ మలుపులో వినిపించినదీ, ఇవాళ ఈ వంతెన మీద వినిపించినదీ ఒకటే అని చెప్పగలరు. ఒక్క సైకిల్, ఒక్క కుర్రాడు.

ఇదెలా సాధ్యమంటే, మన బండి నంబరు తెలుసు కదా. బ్లూటూత్ ఉన్న ప్రతి వస్తువుకూ అలాంటి నంబరు ఒకటి ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలిపి పన్నెండు. ఫోను తనను గుర్తుపట్టాలంటే హెడ్‌ఫోన్ ‘నేనిక్కడున్నాను, నా నంబరు ఇది’ అని గాలిలోకి కేక వేస్తుంది. పాట ఆగినా, మనం వినకపోయినా కొన్ని రకాలు ఆ కేక వేస్తూనే ఉంటాయి. బ్లూటూత్ తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. అందుకే నంబరును తరచూ మార్చుకునే పద్ధతి కూడా పెట్టారు. సాధారణంగా పావుగంటకోసారి కొత్త నంబరు. మన ఫోన్లు చాలావరకు ఆ పద్ధతి పాటిస్తున్నాయి. ఆ 129 హెడ్‌ఫోన్లు పాటించలేదు. నంబరు మార్చి ఉంటే సైకిల్ కుర్రాడికి అవి మర్నాడు కొత్తవిలాగే కనిపించేవి.

‘నా నంబరు ఎవరికి తెలిస్తే ఏం? అందులో నా పేరు లేదుగా’ అంటారేమో. ఒక్కసారి వింటే నిజంగానే ఏమీ లేదు. కానీ అదే నంబరు రోజూ తెల్లవారుజామున ఒక వీధిలో, పగలంతా ఒక ఆఫీసు దగ్గర, వారానికోసారి ఒక ఆస్పత్రి దగ్గర వినిపిస్తే? ఇక పేరు కనుక్కోవడం ఎంతసేపు? అసలు కనుక్కోవాల్సిన పని కూడా లేదు, నాలాంటివాళ్లు ఇంటిపేరుతో సహా రాసిపెట్టాం కదా.

సైకిల్ కథ అయింది. యాప్ సంగతికి వద్దాం.

పాట వినడానికి యాప్ అక్కర్లేదు. ఈ మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు. పాట వినడానికి యాప్ అక్కర్లేదు. ఫోనులో బ్లూటూత్ ఉంటే చాలు. యాప్ ఉన్నది బేస్, అంటే పాటలోని బరువైన లోతు శబ్దం, పెంచుకోవడానికి, బటన్ల పని మార్చుకోవడానికి, అప్‌డేట్లు వేసుకోవడానికి. అయినా డబ్బా మీద కోడ్ స్కాన్ చేయమంటారు, మనం చేస్తాం, అది అడిగినవాటికల్లా ‘అలో’ నొక్కుతాం. అంతా అర నిమిషంలో అయిపోతుంది.

2017 ఏప్రిల్‌లో అమెరికాలోని షికాగోలో ఒక వినియోగదారుడు బోస్ కంపెనీ మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశాడు. ఆయన కొన్న హెడ్‌ఫోన్ ఖరీదు 350 డాలర్లు. దానితో వచ్చే యాప్ తాను ఏ పాట వింటున్నానో, ఏ పాడ్‌కాస్ట్ వింటున్నానో పేర్లు రాసుకుని వేరే డేటా కంపెనీకి పంపుతోందని ఆయన ఆరోపణ. కంపెనీ కాదంది. మీ సంభాషణలు మేం వినం, మీ సమాచారం అమ్మం అంది. కోర్టు సంగతి అటుంచితే, ఆ ఫిర్యాదులోని ఒక వాదన నాకు గుర్తుండిపోయింది. పాట పేరే కదా అనుకోకండి, ప్రార్థనలు వినేవారి మతం తెలుస్తుంది, ఒక జబ్బు గురించిన పాడ్‌కాస్ట్ రోజూ వినేవారికి ఏ జబ్బుందో తెలుస్తుంది అని. మనం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని విషయాలు కొన్ని చెవుల్లో మాత్రమే వింటాం కదా. చెవుల్లో పెట్టుకునేదే అందుకు.

ఇక లొకేషన్. హెడ్‌ఫోన్ యాప్‌కు నేనెక్కడున్నానో ఎందుకు? ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. యాప్ చేసినవాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ ఉండాల్సిందే. చుట్టూ ఏ పరికరాలున్నాయో తెలిస్తే మనమెక్కడున్నామో కూడా పట్టుకోవచ్చు కాబట్టి ఆ నిబంధన పెట్టారు. పాపం, నిజాయితీగల యాప్ కూడా అడగక తప్పేది కాదు. 2021లో ఆండ్రాయిడ్ 12తో అది మారింది. ‘సమీపంలోని పరికరాలు’ అని వేరే పర్మిషన్ వచ్చింది. కనెక్ట్ కావడానికి అదొక్కటీ ఇస్తే చాలు. అది ఇచ్చాక కూడా లొకేషన్ అడిగితే కారణం వేరే ఉన్నట్టు. పోయిన ఇయర్‌బడ్ చివరిసారి ఎక్కడుందో చూపించడానికి కావచ్చు, మీరున్న చోటును బట్టి బయటి శబ్దం తగ్గించడానికి కావచ్చు. అవి మీకు కావాలంటే ఇవ్వండి. నాకు అక్కర్లేదు.

‘మైకు మన మాటలు వింటోందా?’ అని అందరూ అడుగుతారు. నాకైతే పై రెండింటికంటే ఇది చిన్న టెన్షన్. మైకు తెరుచుకుంటే ఐఫోన్ తెర పైన నారింజ చుక్క, ఆండ్రాయిడ్ 12 నుంచి ఆకుపచ్చ గుర్తు కనిపిస్తాయి. చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఇంకో ఆనవాలు ఉంది. మైకు తెరుచుకోగానే పాట గొంతు బిగుసుకుపోయి పాత టెలిఫోన్‌లో వినిపించినట్టు అవుతుంది. చెవే పట్టేస్తుంది.

ఇంత విన్నాక, ‘సరే, యాప్ తీసి పారేస్తాం’ అంటారు. నేనూ అదే చేశాను. అక్కడే పప్పులో కాలేశాను.

2025 జూన్‌లో జర్మనీకి చెందిన భద్రతా పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. తైవాన్‌లోని ఐరోహా అనే కంపెనీ చేసే బ్లూటూత్ చిప్‌లో లోపం ఉంది. ఆ చిప్ పేరుమోసిన కంపెనీల హెడ్‌ఫోన్లలో ఎన్నింట్లోనో ఉంది. దగ్గర్లో నిలబడ్డ మనిషి, పెయిర్ చేయకుండానే, మన హెడ్‌ఫోన్ మెమరీని చదవగలడు. ఏం వింటున్నామో చూడగలడు. ఫోనుకూ హెడ్‌ఫోన్‌కూ మధ్య ఉండే రహస్య తాళంచెవిని తీసుకుని, ‘నేనే మీ హెడ్‌ఫోన్‌ని’ అని మన ఫోనును నమ్మించగలడు. ఇదేమీ వీధిలో పోయే ఎవరైనా చేసే పని కాదు, మంచి నైపుణ్యం కావాలి, మన దగ్గరకు రావాలి. చిప్ కంపెనీ మరమ్మతు కూడా తయారుచేసి హెడ్‌ఫోన్ కంపెనీలకు ఇచ్చింది. కానీ ఆ మరమ్మతు మన హెడ్‌ఫోన్‌లోకి ఎలా వస్తుంది? ఎక్కువ వాటికి యాప్ ద్వారానే.

చూశారా ఎలా ఉందో! సంగతులు మోసుకుపోయేదీ యాపే, మరమ్మతు తెచ్చేదీ యాపే. ఇది నాకు నచ్చదు. అప్‌డేట్ కావాలంటే నా వివరాలు ఇవ్వాలన్నట్టు ఉండకూడదు. కానీ ప్రస్తుతానికి అలాగే ఉంది.

అందుకని నేను చేసే పని చెబుతాను, వీలైతే రాసుకోండి. రెండు మూడు నెలలకోసారి యాప్ వేస్తాను. లాగిన్ అడిగితే ‘స్కిప్’ ఎక్కడుందో వెతుకుతాను, చాలాసార్లు చిన్న అక్షరాల్లో మూలకు ఉంటుంది. లొకేషన్‌కు వద్దంటాను. ‘మా సేవలు మెరుగుపరచడానికి మీ వాడకం వివరాలు పంపాలా’ అని ఉన్నచోట టిక్ తీసేస్తాను. అప్‌డేట్ ఉంటే వేస్తాను, సగంలో ఆపకుండా, చార్జింగ్ నిండుగా ఉన్నప్పుడు. అది పూర్తయ్యాక యాప్ తీసేస్తాను. మార్చుకున్న బేస్ చాలా హెడ్‌ఫోన్లలో అలాగే నిలిచి ఉంటుంది. కొన్నింట్లో పోతుంది, పోతే పోనీ. వినడం అయిపోయాక ఆఫ్ చేస్తాను, లేదా డబ్బాలో పెట్టి మూత వేస్తాను. మెడలో వేలాడదీసుకుని ఊరంతా తిరగను.

ఈసారి యాప్ వేసినప్పుడు ఇంకో పని కూడా చేశాను. హెడ్‌ఫోన్ పేరు మార్చాను. ఇంటిపేరు తీసేశాను, అసలు పేరూ తీసేశాను. ‘కొత్త పేరేం పెట్టారు?’ అని మా ఆవిడ అడిగితే చెప్పాను. ఇక్కడ ఇంజనీరు గారు కూడా ఇందాక అడిగారు. ఆయనకు చెప్పలేదు, మీకూ చెప్పను. స్టూడియోలో ఎర్ర లైటు ఆరే వేళయింది, నమస్కారం.