72 శాతం ట్రౌట్ చచ్చిపోతాయా? ఎవరు చెప్పారండీ మీకు?

నమస్తే అండీ. ఇవాళ సూటిగా గొడవలోకే వెళ్దాం, ఉపోద్ఘాతాలు వద్దు.

72 శాతం. ట్రౌట్ చేపను పట్టి, ఫోటో కోసం ఒక్క నిమిషం నీళ్ల బయట ఉంచితే, వదిలేశాక నూటికి 72 చచ్చిపోతాయట. ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన ‘ఫ్లై’ అనే తేలికపాటి ఎరతో గాలం వేసే ఆట) మీద రాసేవాళ్లలో ఈ అంకె వాడనివాళ్లు దాదాపు లేరు. దీన్ని పట్టుకుని రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. ‘పది సెకన్లు దాటితే నువ్వు హంతకుడివి’ అని ఒక వర్గం, ‘నిమిషమైనా ఏమీ కాదు, పోవోయ్’ అని ఇంకో వర్గం. సరదాకి చేపను పట్టి, ఫోటో దిగి, బతికుండగానే మళ్లీ నీళ్లలో వదిలేస్తారు కదా, దాన్ని ఎంతసేపు బయట ఉంచొచ్చన్నదే గొడవంతా.

నేను చెప్పేది ఒకటే. ఈ రెండు వర్గాల్లో రాసేవాళ్లు ఆ అంకె వచ్చిన అసలు పరిశోధన పేపర్ చదవలేదు. నేను చదివాను. చదివాక ఒళ్లు మండింది.

అది 1992 నాటి పేపర్. ఫెర్గూసన్, టఫ్ట్స్ అని ఇద్దరు కెనడా పరిశోధకులు చేశారు. ఆ ప్రయోగంలో రాడ్ లేదు, లైన్ లేదు, ఫ్లై లేదు, గాలమే లేదు! పెంపకపు రెయిన్‌బో ట్రౌట్‌ను తీసుకున్నారు. రక్తం నమూనాల కోసం ముందే ఆపరేషన్ చేసి రక్తనాళంలో సన్నటి గొట్టం పెట్టారు. ఆ తర్వాత తొట్టిలో చేత్తో తరిమి తరిమి, ఇక ఈదలేని స్థితికి తెచ్చారు. అప్పుడు గాలిలో పెట్టారు. 12 గంటల తర్వాత లెక్క చూస్తే, గాలి తగలకుండా కేవలం అలిసిపోయినవాటిలో 12 శాతం చచ్చాయి. 30 సెకన్లు గాలిలో ఉన్నవాటిలో 38 శాతం, నిమిషం ఉన్నవాటిలో 72 శాతం.

ఆ పరిశోధకుల తప్పేమీ లేదు, స్పష్టంగా చెబుతున్నాను. అలిసిపోయిన చేపకు గాలి ఎంత చేటు చేస్తుందో వాళ్లు చూపించారు, ఎలా చేశారో దాచకుండా రాశారు. దాచింది మనవాళ్లు. ఆపరేషన్ మాట ఎగిరిపోయింది, తరమడం ఎగిరిపోయింది, 72 మాత్రం మిగిలింది. ఎందుకంటే 72 భయపెడుతుంది, భయపెడితే జనం చదువుతారు.

సరే, ‘ఏమీ కాదు’ వర్గం ఏమైనా గొప్పదా? వాళ్ల దగ్గర అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో చేసిన పరిశోధన ఉంది. అక్కడ నిజంగానే గాలంతో కట్‌థ్రోట్ ట్రౌట్‌ను పట్టి, నిమిషం దాకా గాలిలో ఉంచి వదిలారు. వదిలిన చేపలు బతకడంలో తేడా కనిపించలేదు. మంచి పరిశోధన. కానీ మనవాళ్లు ఏం రాశారు? ‘సైన్స్ తేల్చేసింది, నిమిషం సేపు ఫోటో దిగొచ్చు’ అని! బాబూ, ఐడహోలో ఆ చేపలకు, ఆ ఏటి నీళ్లకు చెప్పిన మాట అది. జూలైలో కాగుతున్న నదికి దాన్ని ఎలా అతికిస్తావు?

అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలో చూడండి. నీటి ఉష్ణోగ్రత వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే, మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా ఆ నదిలో చేపలు పట్టనివ్వకుండా ఆపుతారు. ఎందుకంటే ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. 68 దాటితేనే దానికి ఊపిరి కష్టం, తెలిసినవాళ్లు అక్కడే రాడ్ మడిచేస్తారు. అదే నదిలో పొద్దున ఆరింటికి వదిలిన చేప సంగతి వేరు, మధ్యాహ్నం మూడింటికి వదిలిన చేప సంగతి వేరు. మరి మీరు చదివిన ఎన్ని వ్యాసాల్లో, ఎన్ని ఫోటోల కింద నీటి ఉష్ణోగ్రత రాసి ఉంది? ఎండలో మెరిసిపోతున్న చేప, దాని వెనక మెరిసిపోతున్న పళ్లు, అంతే!

అందుకే నా డిమాండ్ మూడు ప్రశ్నలు. ఎవరు పట్టారు? ఎప్పుడు? ఏ నీళ్లలో? ఈ మూడింటికి జవాబు లేని ఫ్లై ఫిషింగ్ సమాచారాన్ని అచ్చు వేయకూడదు. అతి చేస్తున్నానంటారా? చేస్తాను.

2016 ఆగస్టులో అదే మోంటానాలో యెల్లోస్టోన్ నదిలో ఒక పరాన్నజీవి వల్ల మౌంటెన్ వైట్‌ఫిష్ అనే చేపలు వేలల్లో చచ్చిపోతే, 183 మైళ్ల నదిని, దాని ఉపనదులను జనానికి మూసేశారు. పడవ కూడదు, ఈత కూడదు, గాలం కూడదు. నీళ్లు తగ్గి, వేడెక్కి ఉన్న టైం అది. అలాంటి నది గురించి తేదీ లేకుండా ‘ఆగస్టులో అద్భుతం’ అని రాస్తే చదివినవాడు ఏమైపోవాలి?

ఇప్పుడు మన పక్కకు రండి. కావేరి, కర్ణాటక. అక్కడి గాలిబోరె ఫిషింగ్ క్యాంప్ పేరు మహసీర్ (మన నదుల్లో ఉండే పెద్ద చేప) పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. అక్కడ గాలం వేసినవాళ్లు ఏ రోజు ఎన్ని గంటలు వేశారు, ఏ చేప పడింది, ఎంత బరువు ఉంది అని పుస్తకంలో రాసుకునేవాళ్లు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ రాతలను తర్వాత శాస్త్రవేత్తలు తీసి చూస్తే, మూపురం ఉండే మహసీర్ కళ్ల ముందే మాయమైపోతోందని బయటపడింది. హేచరీల నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్ దాని చోటంతా ఆక్రమించింది. సెలవుల్లో సరదాకి వచ్చినవాళ్లు రాసుకున్న తేదీలు, బరువులు అండీ ఇవి! 2018లో ఆ మూపురం చేప శాస్త్రీయ నామం టార్ రెమదేవీ అని తేల్చారు, అదే ఏడాది అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాబితాలోకి ఎక్కింది.

మరి మన రాతగాళ్లు? కావేరి ఫోటో కింద ‘గోల్డెన్ మహసీర్’ అని పడేస్తారు. గోల్డెన్ ఉండేది హిమాలయ నదుల్లో అయ్యా! బంగారు రంగులో కనిపించిందల్లా గోల్డెన్ కాదు. ఆ ఫోటోని ఇంకొకడు ఎత్తుకుంటాడు, వాడి నుంచి మరొకడు. రేషన్ కార్డులో తప్పు పడ్డ పేరు పిల్లల సర్టిఫికెట్ల దాకా వెళ్లినట్టు వెళ్తూనే ఉంటుంది.

ఇది ఎందుకు జరుగుతోందో నాకో థియరీ ఉంది. ఒప్పుకోకపోయినా పర్లేదు. సమాచారం మీద డబ్బు రాదు, రాడ్ మీద వస్తుంది. వ్యాసం కింద లింక్ నొక్కి మీరు రాడ్ కొంటే రాసినవాడికి కమీషన్. కాబట్టి వ్యాసం అనేది లింకును మోసే గంప మాత్రమే. అందులో 72 ఉన్నా ఒకటే, 27 ఉన్నా ఒకటే. నీళ్లలో దిగి, థర్మామీటర్ ముంచి, తేదీ వేసి రాయడానికి ఒక రోజంతా పడుతుంది. పక్కవాడిది తిరగరాయడానికి పావుగంట చాలు.

కమీషన్ తీసుకోవడం తప్పా? కాదు. చెప్పకపోవడం తప్పు. అమెరికాలో వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2009లోనే బ్లాగర్లకు కూడా చెప్పేసింది, కంపెనీతో సంబంధం ఉంటే బయటపెట్టమని. 2024లో దొంగ రివ్యూల మీద ఏకంగా రూలే తెచ్చింది. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు అదే మాట చెప్పింది. ఎక్కడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, కనపడేట్టు.

రివ్యూలంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫ్లై లైన్లకు బరువును బట్టి ‘వెయిట్’ అని నంబర్ ఉంటుంది, రాడ్ నంబర్‌కి సరిపోయే లైన్ వేయాలి. 5 వెయిట్ లైన్ అంటే ముందు 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు ఉండాలి, అంటే సుమారు 9.1 గ్రాములు. ఇది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న ప్రమాణం. మా ఇంట్లో ఆవకాయకి ఆవపిండి తూచే డిజిటల్ త్రాసు ఉంది. కొత్తగా కొన్న లైన్ 30 అడుగులు కొలిచి, చుట్టి, గిన్నెలో పెట్టి తూచాను. కంపెనీ పేరు చెప్పను. పెట్టె మీద 5 అని ఉంది. త్రాసు 10.3 చూపించింది. అది దాదాపు 6 వెయిట్! మా ఆవిడ వచ్చి ఆ గిన్నె ఎవరు కడుగుతారని అడిగింది, అది వేరే గొడవ. ఇప్పుడు ఇలాంటి లైన్ వేసి ‘ఈ 5 వెయిట్ రాడ్ మెత్తగా ఉంది’ అని రివ్యూ రాస్తే ఆ రివ్యూకి అర్థం ఏముంది? రాడ్‌ని తిట్టాలా, లైన్‌నా? ఏ లైన్ వేశావు, తూస్తే ఎంత వచ్చింది అని రెండు ముక్కలు రాయడానికి నొప్పేంటి?

ఇంత చెప్పి చేపని నిమిషం సేపు ఎత్తి పట్టుకోమంటున్నానా? అస్సలు కాదు. సియాటెల్‌లో ఉన్న మన తెలుగువాళ్లు జాగ్రత్త. వాషింగ్టన్ రాష్ట్రంలో నదుల్లో పట్టి వదిలేయాల్సిన సాల్మన్, స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లొచ్చే రెయిన్‌బో ట్రౌట్) చేపలను నీళ్లలోంచి పూర్తిగా బయటకు తీయడమే చట్టవిరుద్ధం. అక్కడ పది సెకన్లా అరవై సెకన్లా అనే చర్చే లేదు, ఫైన్ పడుతుంది. చేప నీళ్లలో ఉండగానే ఫోటో తీసుకోండి, చేతులు తడిపి పట్టుకోండి. దీనికి నాకు 72 శాతం బూచి అక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి హిమాచల్‌కి ప్లాన్ చేస్తున్నవాళ్లకు ఒక్క ముక్క. అక్కడ ట్రౌట్ నీళ్లు నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మూత. మిగతా రోజుల్లో కూడా మత్స్యశాఖ పర్మిట్ తీసుకునే గాలం వేయాలి. ‘తీర్థన్ లోయలో ఏడాది పొడవునా ట్రౌట్’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్ముతుంటే అడ్వాన్స్ కట్టకండి. ముందు ఆ ఫోటో ఏ నెలలో తీశారో అడగండి.