అరలీటరు పాల ప్యాకెట్టు: మగవాళ్ళ మలిప్రేమ కథల గురించి

అందరికీ నమస్కారం.

ఒంటరిగా మిగిలిపోయిన ఇద్దరు మగవాళ్ళు, నడివయసు దాటాక ఒకరికొకరు తోడయ్యే ప్రేమకథలు. ఇవాళ మాట్లాడుకోవలసింది వాటి గురించి. తెలుగు కథల లైబ్రరీ కథానిలయం ఉన్న శ్రీకాకుళంలో నిలబడి కథ ఎలా రాయాలో చెప్పడం కొంచెం సాహసమే. అందుకని పెద్దపెద్ద సిద్ధాంతాల జోలికి పోను. ఈ ఒక్క తరహా కథకి ఏ సామాను కావాలి, అది ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, అంతవరకే చెప్తాను.

ఇలాంటి కథ అనగానే మనవాళ్ళు చాలామంది ఊరిని విలన్ని చేసేస్తారు. పంచాయితీ, తిట్లు, వెలి. అలా జరగదని అనను గానీ, ముందు ఊరు నిజంగా ఏం చూస్తుందో ఆలోచించండి. ఇక్కడ గానీ విజయనగరంలో గానీ ఇద్దరు మగవాళ్ళు కలిసి గది అద్దెకి తీసుకుంటే అడిగేవాడు లేడు. ఒకే బండి మీద తిరిగినా, డాబా మీద పక్కపక్కన చాపలేసుకు పడుకున్నా ఎవరికీ పట్టదు. ఆడా మగా వస్తే ఆరా తీసే లాడ్జివాడు ఇద్దరు మగవాళ్ళకి ఇట్టే తాళం ఇచ్చేస్తాడు. మన ఊళ్ళ కంట్లో పడేది మార్పు. నిన్నటిదాకా పావులీటరు పాలు తీసుకున్న మేష్టారు ఇవాళ్టినించి అరలీటరు ప్యాకెట్టు వెయ్యమంటే, పాలబ్బాయి వెంటనే "సుట్టాలొచ్చేరేటి మేష్టారూ?" అంటాడు. మేష్టారు ఏం జవాబు చెప్తాడు? ఊ అంటాడా, మజ్జిగకి అంటాడా, ఏమీ అనకుండా తలుపేసుకుంటాడా? రాళ్ళ వర్షం కంటే ఈ ప్రశ్న దగ్గరే కథ ఎక్కువ ఉంది.

ఒంటరితనం కూడా ఇలా లెక్కలోనే కనబడాలి. "ఒంటరితనం అతన్ని కొరుక్కుతింటోంది" అని రాసి ఊరుకుంటే పాఠకుడికి ఏమీ అందదు. అతను ఏం వండుతాడో చెప్పండి. పొద్దున్న ఒక గ్లాసు బియ్యం పడేస్తాడు. సగం మధ్యాహ్నానికి, సగం రాత్రికి. కూర రెండ్రోజులకోసారి. తినడానికి కంచం తియ్యడు, గిన్నెలోనే కలిపేసుకుంటాడు, తోమడానికి ఒక సామాను తగ్గుతుందని. రాత్రి తొమ్మిదికి బెంగుళూరు నుంచి కొడుకు ఫోన్. "మందులేసుకున్నావా?" "వేసుకున్నాను." అంతే, నిమిషంన్నర. ఇదంతా నాలుగు వాక్యాలకి మించకూడదు. రెండో మనిషి వచ్చాక ఈ నాలుగింటిలో ఏది ముందు మారుతుందో అదే కథకి కీలు.

ఇప్పుడు ఒక మనిషిని కట్టుకుందాం. సోంపేట వైపు, కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో ఓ హైస్కూలు మేష్టారు. 1958 జూన్‌లో పుట్టేడు. రాయడానికి కూర్చోకముందే కాగితం మీద రెండు గళ్ళు గీసి ఒకవైపు అతని వయసు, ఒకవైపు లోకం సంగతులు వేసుకోండి. డిగ్రీ విజయనగరం మహారాజా కాలేజీలో, 1979లో అయింది. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 62కి పెరిగింది. కాబట్టి మన మేష్టారు దిగిపోయేది 2018 జూన్ నెలాఖరుకి. అదే ఏడు సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఇష్టపడ్డ వయోజనులిద్దరి మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని శిక్షాస్మృతి 377 సెక్షన్ మీద తీర్పు చెప్పింది. సరిగ్గా ముప్పైఅయిదు రోజులకి, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టం. రోజుల తరబడి కరెంటు లేదు.

చూసేరా, పెన్ను కదపకముందే కథ సగం కట్టుకుంది. పేపర్లో తీర్పు చదివిన మేష్టారు ఆ పేజీని ఏం చేస్తాడు? మడిచి బీరువాలో పెడితే అది సినిమా. మామూలుగానే పాత పేపర్లలో పడేస్తాడు, నెలాఖరున పాత సామాన్లవాడికి తూకానికి వేసేటప్పుడు ఆ ఒక్కటీ పక్కకి తీస్తాడు. నాకైతే అలాగే బాగుంటుంది.

తేదీలంటే చాదస్తం అనుకోకండి. మీ కథ 2010లో జరిగితే లెక్క వేరే. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇలాంటి తీర్పే ఇచ్చింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నాలుగేళ్ళలో ధైర్యం చేసి నోరు విప్పిన మనిషి 2014లో మళ్ళీ ముడుచుకుపోయేడంటే దానికి కారణం మీరు కల్పించక్కర్లేదు. అన్నట్టు, రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలోదే. కథలో ఇలాంటిది ఒక్కటి తప్పినా ఇక్కడి పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

మలిప్రేమలో రెండు రకాలు. ఒకటి, పాతమనిషే మళ్ళీ ఎదురవడం. రెండోది, ఒకటి పోయాక కొత్తమనిషి దొరకడం. రాయడానికి మొదటిదే కష్టం. ఎందుకు విడిపోయేరన్న ప్రశ్నకి గట్టి జవాబు కావాలి. ఒక ఉత్తరం చేరకపోవడం, ఎవరో చాడీ చెప్పడం లాంటివి తేలిపోతాయి. ఒక్కమాటతో తీరిపోయే అపార్థానికి ముప్పైతొమ్మిదేళ్ళు ఎవడూ దూరంగా ఉండడు. ఇద్దరిలో ఒకడు తప్పు చేసి ఉండాలి. మన మేష్టారు చేసేడనుకోండి. హాస్టల్లో మూడేళ్ళు గది పంచుకున్నవాడికి తన శుభలేఖ పోస్టులో పంపేడు, పైన నాలుగు ముక్కలైనా రాయకుండా. అవతలివాడు పెళ్ళికి వచ్చేడు, పంక్తిలో వడ్డించేడు, రాత్రి బండికి వెళ్ళిపోయేడు. ఆ తరవాత అతను పెళ్ళి చేసుకోలేదు. జూట్‌మిల్లు ఆఫీసులో జమాఖర్చులు రాసి, గంటస్తంభం దగ్గర ఒక గదిలో ఉండిపోయేడు. అతనికి కోపం ఉండాలి. ఎన్నాళ్ళైనా చల్లారని ప్రేమ మాత్రమే ఉందంటే వాడు మనిషిలా ఉండడు.

గతానికి ఎంత చోటివ్వాలి? మూడువేల మాటల కథలో ఆరువందలు దాటితే వర్తమానం ఊపిరాడక చస్తుంది. అదీ ఒక్కచోట కుమ్మరించకండి. శుభలేఖ సంగతి మొదటి పేజీలో చెప్పేస్తే క్షమాపణ దగ్గర చెప్పడానికేమీ ఉండదు.

ఎక్కువ కథలు చచ్చిపోయేది భార్య దగ్గర. కథ నడవడానికి ఆవిణ్ణి మొదటి పేరాలోనే చంపేస్తారు, లేదా గయ్యాళిని చేస్తారు. రెండూ దొంగదారులే. ముప్పై ఏళ్ళు ఆ ఇల్లు నడిపిన మనిషి ఆవిడ. ఆవిడకి పేరు పెట్టండి, పట్టుదల పెట్టండి, ఆవిడ దాచుకున్న డబ్బుతో వేయించిన గది ఒకటి ఇంట్లో ఉంచండి. ఆవిడకి తెలుసా? తెలిసీ అడగలేదా? ఇది పాఠకుడికి తెలియకపోయినా ఫరవాలేదు, రాసేవాడికి తెలిసి తీరాలి. భార్యకి జరిగిన అన్యాయం మీద ఒక్క వాక్యం కూడా లేకుండా మేష్టారి ప్రేమకి మనం చప్పట్లు కొట్టలేం.

ఇక కలుసుకునే ఘట్టం. కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మేష్టారి నంబరుంది. తుపాను తరవాత నాలుగు రోజులు అది పలకలేదు. అయిదోరోజు అవతలివాడు బయల్దేరి వచ్చేసేడు. చేతిలో పూలూ లేవు, పాత ఫొటోలూ లేవు. కొవ్వొత్తులు, బిస్కట్లు, రెండు నీళ్ళ క్యాన్లు, ఒక టార్పాలిన్. పశువుల శాల మీద కొబ్బరిచెట్టు పడి ఉంది. అడ్డకోత రంపం పక్కింట్లో దొరికింది. దానికి రెండు కొసలా మనిషుండాలి.

"పట్టు అటేపు."

"నీకు నడుంనొప్పి కదా?"

"ఎవుడు సెప్పేడు?"

"గ్రూపులో నువ్వే ఎట్టేవు కదేటి, మొన్న ఉగాదికి."

చెయ్యి పనిలో ఉంటేనే ఈ వయసు మగవాళ్ళ నోరు పెగుల్తుంది. ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి మనసు విప్పమంటే విప్పరు. రంపం ఆగినప్పుడల్లా ఒక మాట, సాగినప్పుడల్లా మౌనం. క్షమాపణ అడిగేది కూడా మొద్దు తెగి కింద పడే ముందే, చూపు రంపం మీదే ఉంచి. ఒక జాగ్రత్త: పడిపోయిన చెట్టుని ప్రతీక చెయ్యకండి. మళ్ళీ మొక్కేస్తే కాపుకి రావడానికి అయిదారేళ్ళు పడుతుంది, అరవయ్యేళ్ళవాడికి అది డబ్బు బెంగ. బెంగగానే ఉంచండి.

పిలుపులు గమనించండి. హాస్టల్లో ఒరే అనుకున్నవాళ్ళు పదిమంది ఎదుట "మీరు" అనుకుంటారు. ఒకడు "మేష్టారూ" అంటాడు, ఇంకొకడు పేరు చివర "గారు" తగిలిస్తాడు. కోడలి ఎదుట పొరపాటున "ఒరే" జారిందంటే, ముద్దు రాయనక్కర్లేదు.

ముద్దు రాయొద్దని కాదు నేననేది. రాయండి. కానీ అరవయ్యేళ్ళ శరీరాలని రాయండి. కళ్ళజోడు తీసి ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడం, షుగరు మాత్ర వేళ, మోకాలు మడవలేక మంచం అంచున సర్దుకోవడం, గురక. ఇవన్నీ పక్కకి తోసి పాతికేళ్ళ ఒళ్ళు తగిలిస్తే ఆ సన్నివేశం ఎవరిదో అయిపోతుంది. సిగ్గు ఎక్కడుందో కూడా తెలుసుకోండి. చాలాసార్లు అది చేసే పనిలో ఉండదు, బనీను తీసినప్పుడు కనబడే పొట్టలో ఉంటుంది.

ఇలాంటి కథల్లో ఒకణ్ణి చంపేసి ముగించడం పాత అలవాటు. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913-14లో ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద నవల రాసి, ముగింపు సుఖాంతమే కావాలని పట్టుబట్టేడు. అది ఆయన పోయాక 1971లో గానీ అచ్చు కాలేదు. ప్రేమకథ అని పేరు పెట్టి అమ్మేదానికి పాఠకుడితో ఒక ఒడంబడిక ఉంది, చివరికి ఆ ఇద్దరూ కలిసే ఉంటారని. ఎలా కలిసుంటారన్నదే మన పని.

అక్కడ చట్టం తెలియాలి. నేరం కాదన్నారు గానీ, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్ళి హక్కుని గుర్తించలేదు. కాబట్టి మేష్టారు పోతే ఫ్యామిలీ పెన్షన్ అవతలివాడికి రాదు, ఇల్లు దానంతటది దక్కదు. జాయింటు అకౌంటు తెరవొచ్చు, నామినీగా పేరు రాయొచ్చు. వీటికి ఆటంకం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. స్వార్జితం వీలునామా రాయొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ ఇద్దరు సాక్షులుండాలి. లోపల ఏం రాసి ఉందో సాక్షులకి తెలియక్కర్లేదు, సంతకం చూస్తే చాలు. ఇది రాసేవాడికి బంగారం లాంటి సంగతి. ఆ ఊళ్ళో మేష్టారు ఏ ఇద్దర్ని పిలుస్తాడు? వాళ్ళలో ఒకడు కలం పట్టుకుని "ఎవుడికి రాసేవు మేష్టారూ?" అంటే? నా మటుకు నాకు, కొడుకు వచ్చి అరిచే సన్నివేశం కంటే ఇది నాలుగు రెట్లు బరువైంది. కొడుకు అరవడం మరీ తెలిసిందే. అరిచినా, ముందు ఇంటి గురించి అరుస్తాడు, తరవాత కూతురి సంబంధం గురించి.

ఎప్పుడూ మేష్టార్లూ గుమస్తాలేనా అని అడగొచ్చు. అడగాలి. మన తీరం నుంచి వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళే మత్స్యకారులు నెలల తరబడి ఒకే బోటులో తింటారు, పడుకుంటారు. అక్కడ ఏకాంతం లేదు, ఒంటరితనం బోలెడు. కథ పూర్తిగా వేరేలా నడుస్తుంది: తాళం, పాలు, వీలునామా ఏవీ పనికిరావు. ఇద్దరి కులాలు వేరైతే అది ఇంకో మెలిక. ఎవరి వంటింట్లోకి ఎవరు వెళ్ళొచ్చన్నది మన దగ్గర పడకగది కంటే ముందు వచ్చే గొడవ. దాన్ని దాటేసి రాసిన ఉత్తరాంధ్ర కథని నేను నమ్మను.

చివరగా ఒక పని సంగతి. ఎవరో మీతో నమ్మి చెప్పిన జీవితాన్ని అలాగే కథలో పెట్టకండి. వీధి, ఉద్యోగం, పిల్లల సంఖ్య, మాండలికం, అనారోగ్యం: ఇందులో కనీసం మూడు మార్చండి. పేరు మార్చినంత మాత్రాన చాలదు. చిన్న ఊళ్ళో "జూట్‌మిల్లు, బ్రహ్మచారి, గంటస్తంభం" అన్న మూడు ముక్కలు చాలు మనిషిని పట్టేసుకోవడానికి. మార్చాక ఆ మనిషికి చదివి వినిపించండి. వద్దంటే ఆ ప్రతి పంపకండి, వేరే మనిషిని కట్టుకోండి.