చెల్లి నొక్కింది, కీబోర్డు వినలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకి పోకుండా ఈ పౌర గ్రంథాలయానికి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకిచ్చిన అంశం పాత బ్రౌజర్ ఆటల్ని రికార్డు చేయడం, ఎడిట్ చేయడం. టైమ్ అరగంట. సాఫ్ట్‌వేరు, సెట్టింగులు, చివర్న ఎడిటింగు అని కాగితం మీద వరసగా రాసుకొచ్చాను.

ముందు ఒక మాట. ఈ ఆటల్ని బ్రౌజర్‌లో ఆడించిన సాఫ్ట్‌వేరు ఫ్లాష్ ప్లేయర్. 2020 డిసెంబర్ 31తో అడోబీ వాళ్ళు దాన్ని వదిలేశారు. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆటల్ని ఆడనివ్వడం మానేసింది. ఈ సంగతి 2017 జూలైలోనే ప్రకటించారు, అంటే మనకి మూడేళ్ళకి పైగా టైమిచ్చారు. ఆ మూడేళ్ళలో మనలో ఎంతమంది ఏం దాచుకున్నాం? చేతులెత్తండి. సరే, ఇద్దరు.

ఆటలు మాత్రం పోలేదు. ఫ్లాష్‌పాయింట్ అని పాత ఆటల్ని దాచిపెట్టే ప్రాజెక్టు 2018లో వాలంటీర్లు మొదలుపెట్టారు, అందులో లక్షకి పైగా ఆటలున్నాయి. కొన్ని ఆటలు ఫలానా వెబ్‌సైట్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా తాళం వేసి ఉండేవి. నువ్వు ఆ సైట్లోనే ఉన్నావని ఆటని నమ్మించి మరీ నడిపిస్తున్నారు వీళ్ళు, ఎంత ఓపిక ఉండాలో చూడండి. రఫుల్ అని ఇంకోటుంది, అది పాత ప్లేయర్ అక్కర్లేకుండా బ్రౌజర్‌లోనే ఆడిస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 2020 నవంబర్ నుంచి దాంతోనే ఫ్లాష్ ఆటలు పెడుతున్నారు. వాళ్ళందరికీ నేను ఇక్కణ్ణించే దండం పెడతాను. కానీ వాళ్ళు దాచగలిగింది ఆటని. అక్కయ్యపాలెం నెట్ సెంటర్లో ఒకే కుర్చీ మీద ఇద్దరు కూర్చుని, ఒకే కీబోర్డు మీద నాలుగు చేతులు పెట్టి ఎలా ఆడామన్నది వాళ్ళెలా దాస్తారు? అది మన పని. నేను ఇవాళ వచ్చింది ఈ మాట చెప్పడానికే.

సరే, కాగితం. రికార్డింగుకి ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేరు చాలు, డబ్బులు పెట్టక్కర్లేదు. ఫైలు రకం ఎంకేవీ పెట్టుకోండి. మామూలు ఎంపీ4లో ఫైలు మొత్తానికి సూచిక చివర్న రాస్తుంది, మధ్యలో కరెంటు పోతే ఆ సూచిక లేక గంటసేపు ఆడింది మొత్తం గంగలో కలిసినట్టే. ఎంకేవీ అయితే కరెంటు పోయే ముందు వరకు ఆడింది దాదాపు మొత్తం ఉంటుంది, తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్, అంటే వీడియోని ముట్టుకోకుండా ఫైలు రకం మాత్రం మార్చడం, చేసుకుంటే క్వాలిటీ తగ్గకుండా ఎంపీ4 అవుతుంది. తర్వాత ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు పడతాయన్నది. 24 ఫ్రేముల ఆటని 60లో రికార్డు చేస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, పక్కది మూడుసార్లు పడుతుంది, బొమ్మ నడుస్తుంటే కాలు ఈడుస్తున్నట్టుంటుంది. 30 ఆటకి 60 పెట్టినా పర్వాలేదు. సైజు సంగతికొస్తే, ఫ్లాష్‌లో మామూలుగా వచ్చే స్టేజి, అంటే ఆట కనబడే చోటు, 550 బై 400 పిక్సెళ్ళు. దాన్ని 1080 ఎత్తుకి పెంచితే వెడల్పు 1485 వస్తుంది, రెండు పక్కలా నల్లగా మిగులుతుంది. మిగలనివ్వండి. స్క్రీను నిండాలని సాగదీస్తే బంతి కాస్తా కోడిగుడ్డు అవుతుంది. ఇంకోటి, ఫ్లాష్‌లో గీతలతో గీసిన బొమ్మలు ఎంత పెంచినా మసకబారవు, అందుకని ఆడేటప్పుడే విండో పెద్దది చేసి రికార్డు చేయండి. చిన్నగా తీసి ఎడిటింగులో పెంచితే ఆ లాభం పోతుంది.

ఇక సౌండు. ఆట సౌండు ఒక ట్రాకు, మైకు ఇంకో ట్రాకు. రెండూ ఎప్పుడూ కలపకండి.

ఇక్కడ కాగితం పక్కన పెడతాను.

2011 వేసవి సెలవులు. మా చెల్లి అప్పుడు ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. గంటకి పదిహేను రూపాయలు, నాన్న ఇచ్చిన ముప్ఫైతో ఇద్దరం కలిసి రెండు గంటలు ఒకే సిస్టమ్. ఫైర్‌బాయ్ అండ్ వాటర్‌గర్ల్ ఆడేవాళ్ళం, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, 2009లో వచ్చిన ఆట. నిప్పోడు నీళ్ళలో పడకూడదు, నీళ్ళ పిల్ల నిప్పులో పడకూడదు, పచ్చ బురద ఇద్దరికీ పడదు, ఇద్దరూ తలుపుల దగ్గరికి చేరితేనే లెవెలు అవుతుంది. నిప్పోడికి బాణం కీలు, అవి నావి. నీళ్ళ పిల్లకి ఏ, డబ్ల్యూ, డీ, అవి చెల్లివి. నెట్ సెంటర్ అన్నయ్య మంచివాడు, ఏదో ఉచిత రికార్డర్ వేసుకోనిచ్చాడు, చాటింగ్ కోసం పెట్టిన హెడ్‌సెట్ మైకు టేబుల్ మీదే ఉంది. ఇరవై రెండు నిమిషాలు రికార్డయింది. రెండు జీబీ పెన్ డ్రైవులో వేసుకొచ్చాను.

ఇంటికొచ్చి మూవీ మేకర్లో కూర్చున్నాను. చచ్చిన చోటల్లా కోశాను. లోడింగ్ కోశాను. మా మాటలు, వెనకాల ప్రింటరు చప్పుడు, "నాలుగో సిస్టమ్, టైమైపోయింది" అని అన్నయ్య అరుపు, అన్నీ డిస్టర్బెన్స్ అనుకుని ఒక్కో ముక్కనీ మ్యూట్ చేసి, ఊరంతా మోగుతున్న సినిమా పాట ఒకటి మీద వేశాను. నాలుగు నిమిషాల వీడియో తయారైంది, సీడీకి ఎక్కించాను. పెన్ డ్రైవు ప్రాజెక్టుకి కావాల్సొచ్చి అసలు ఫైలు డిలీట్ చేశాను. తప్పు నాదే, చేసింది నా చేతులే.

ఆ వీడియోలో ఒకచోట నీళ్ళ పిల్ల అంచు దాకా పరిగెత్తుకొచ్చి, దూకకుండా నేరుగా నిప్పులోకి పోతుంది. మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఆ ముక్క చూపించి చెల్లిని ఏడిపించాను, దూకడం రాని పిల్ల అని. చుట్టాలొస్తే చూపించాను. దాని పెళ్ళిచూపుల రోజు కూడా అన్నాను ఆ మాట.

2020 లాక్‌డౌన్లో అటక మీద సీడీ దొరికింది. ఈసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ముక్కలన్నీ విడివిడిగా మ్యూట్ చేశానని చెప్పాను కదా, ఒక ముక్క మర్చిపోయాను. పాట కింద సన్నగా మాటలు వినిపిస్తున్నాయి. నేను: "బేగి దూకవే, ఏటలా చూస్తున్నావు!" చెల్లి: "నొక్కానన్నయ్యా. నొక్కాను. ఎక్కట్లేదు." మళ్ళీ కీ టకటకా కొట్టిన చప్పుడు, మూడుసార్లు.

చవక కీబోర్డు లోపల తీగలు అడ్డం నిలువు వరసల్లో ఉంటాయి. ఒకేసారి మూడు నాలుగు కీలు నొక్కితే, కొన్ని కలయికల్లో ఒక కీ కంప్యూటర్ దాకా చేరనే చేరదు. నేను పై బాణం, కుడి బాణం రెండూ అదిమి పట్టుకుని ఉన్నాను. చెల్లి డీ నొక్కి పరిగెడుతూ డబ్ల్యూ కొట్టింది. పాత కీబోర్డు ఒకటి తెచ్చి అవే నాలుగు కీలు నొక్కి చూశాను. డబ్ల్యూ పడలేదు. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పడలేదు. అంటే అది దూకకుండా ఆపింది నా వేళ్ళు.

విజయనగరంలో ఉంటుందిప్పుడు. ఫోన్ చేసి చెప్పాను. "నేను అప్పుడే చెప్పాను కదన్నయ్యా" అంది, అంతే అంది.

తమ్ముళ్ళూ, ఒక్కసారి ఆలోచించండి. ఆ ఆట ఫ్లాష్‌పాయింట్‌లో భద్రంగా ఉంది. బొమ్మ నా సీడీలో ఉంది. ఆ రెండూ ఉన్నా జరిగింది తెలియలేదు, తెలిసింది మ్యూట్ చేయడం మర్చిపోయిన ముక్కతో. అందుకే అడుగుతున్నాను, అసలు ఫైలు ముట్టుకోకండి. కాపీ మీద కోయండి, కాపీ మీద పాటలు వేయండి, మీ ఇష్టం. చోటు చాలదంటారా? సెకనుకి 6 మెగాబిట్ల చొప్పున 1080లో తీస్తే గంటకి 2.7 జీబీ. ఒక టీబీ డిస్కులో మూడొందల గంటలకి పైగా పడతాయి. అప్పుడు రెండు జీబీ పెన్ డ్రైవు నాకు గగనం, ఇప్పుడు మీకు ఆ సాకు లేదు. లోడింగ్ బార్ కూడా ఒకసారి పూర్తిగా ఉంచండి, ఆ గీత నిండే లోపల పక్కవాడితో ఏం మాట్లాడుకున్నామో అదీ ఆటే. సేవ్ చేసిన ఆట ఉంటే ఎస్ఓఎల్ అని ముగిసే చిన్న ఫైలు ఉంటుంది, వీడియో పక్కనే అదీ పెట్టండి. ఎవరు ఆడారో, ఏ ఊళ్ళో, ఏ కీబోర్డు మీదో ఒక టెక్స్ట్ ఫైలులో నాలుగు లైన్లు రాయండి.

ఆ నెట్ సెంటర్ ఏమైందో కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. రేకులు లేచిపోయాయి, సిస్టమ్స్ అన్నీ తడిశాయి. కరెంటు వచ్చాక అన్నయ్య సీపీయూలు బయట ఎండలో వరసగా బోర్లా పెట్టాడు, వడియాలు ఆరబెట్టినట్టు. రెండు లేచాయి, మిగతావి లేవలేదు. ఆ హార్డ్ డిస్కుల్లో ఎంతమంది పిల్లల సేవ్‌లు ఉన్నాయో. ఇప్పుడక్కడ కర్రీ పాయింటు.

మీ ఇళ్ళల్లో పాత డిస్కులుంటే తీసుకురండి. టిక్‌టిక్‌మని చప్పుడు చేసే డిస్కుని మాత్రం మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకండి, ఉన్నది కూడా పోతుంది. పాత డిస్కులు తగిలించే ఐడీఈ కేబుల్ నా దగ్గరుంది, సీడీ డ్రైవు కూడా ఉంది, మీటింగ్ అయ్యాక కింద వరండాలో ఉంటాను.

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం ఇవ్వండి సార్. ఆ ముక్క తెచ్చాను, నలభై సెకన్లే. మా చెల్లి ఇవాళ వచ్చింది, మూడో వరసలో కూర్చుంది, దాన్ని అడిగే వేస్తున్నాను. పాట తీసేయడం నావల్ల కాలేదు, దాని కింద వినాలి మీరు. బాబూ, ఆ ఫ్యాన్లు ఆపండి.