మిట్టమధ్యాహ్నం హెడ్‌లైట్లు వెలుగుతున్నాయా? సెన్సర్ మార్చే ముందు ఇవి చూసుకోండి

నమస్తే అండి.

టైమ్ మధ్యాహ్నం 12.30. ఎండ మాడ్చేస్తోంది. నా వెనక ఉన్న కారు చూడండి, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. నేను స్విచ్ వేయలేదు. స్టీరింగ్ పక్కన లివర్ ఆటో దగ్గరే ఉంది. ఇప్పుడు ముందు అద్దం మీద, లోపలి మిర్రర్‌కి ఎదురుగా కప్పిన ఈ నల్ల గుడ్డ తీస్తున్నాను. కాస్త ఆగండి... ఇంకాస్త... అదిగో, ఆరిపోయాయి.

అంటే ఈ కారుకి ఏ జబ్బూ లేదు. వెలుతురు చూసే సెన్సరే దీని కన్ను. ఆ కన్ను మూస్తే చీకటి పడిందనుకుంది, తెరిస్తే పగలని తెలుసుకుంది. ఆటో హెడ్‌లైట్ గురించి నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ గుడ్డ లాంటివే. కంటికి ఏదో అడ్డం ఉంటుంది. మనం మాత్రం కన్నే పోయిందనుకుని కొత్తది కొనేస్తాం.

ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకోబోయి, ఆఖరి నిమిషంలో ఆగిన విషయం. పోయిన వేసవిలో హైవే మీద టిప్పర్ వెనక వెళ్తుంటే కంకర రాయి ఎగిరొచ్చి ముందు అద్దం పగిలింది. కొత్త అద్దం వేయించాను. మర్నాటి నుంచి పట్టపగలే లైట్లు వెలగడం మొదలైంది. ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే పది నిమిషాల్లో తేల్చేశారు, ‘సెన్సర్ పోయింది సార్, మార్చాలి’ అని. సరే అనబోయాను. ఇంతలో ఇంకో సంగతి గుర్తొచ్చింది. లైట్లతో పాటు వైపర్లు కూడా చుక్క వాన లేకుండా ఎండు అద్దం మీద అప్పుడప్పుడు తిరుగుతున్నాయి. ఆ మాట మా వీధి చివర ఉండే ఆటో ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. ఆయన ఏ మెషీనూ పెట్టలేదు. బయట నుంచి టార్చ్ వేసి అద్దంలోంచి సెన్సర్ వైపు చూసి, ‘బుడగ చూడండి’ అన్నారు. ఆ బుడగ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఈ కన్ను ఎక్కడ ఉంటుందో చూద్దాం.

రెండు చోట్ల ఉంటుందండి. కొన్ని కార్లలో డాష్‌బోర్డు పైన, అద్దం మొదట్లో, సగం కోసిన నేరేడు పండులా నల్లటి చిన్న బుడిపె కనిపిస్తుంది. అదే సెన్సర్. ఆటో ఏసీకి ఎండ వేడి చెప్పే సెన్సర్ కూడా కొన్నిసార్లు దాని కిందే ఉంటుంది. మిగతా కార్లలో అద్దం పైభాగంలో, మిర్రర్ వెనక ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. వాన సెన్సర్, వెలుతురు సెన్సర్ రెండూ అక్కడ ఒకే డబ్బాలో ఉంటాయి. మీ కారులో ఎక్కడుందో ఓనర్ మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపిస్తారు. దయచేసి ఆ పేజీ ఒకసారి తీసి చూడండి. లేని చోట వెతికితే రోజంతా వృథా.

లోపల ఉండేది ఫోటోడయోడ్. వెలుతురు పడితే కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ కబురు బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్‌కి వెళ్తుంది. లైట్లు వేయాలా, ఆర్పాలా అని తేల్చేది ఆ కంప్యూటరే.

ఇక్కడ చాలామంది ‘ఇది పాడైంది’ అనుకునే విషయం ఒకటుంది. లైట్లు టక్కున వెలుగుతాయి, కానీ ఆరడానికి చాలాసేపు తీసుకుంటాయి. అది పాడవడం కాదు, కావాలనే అలా చేస్తారు. ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన నంబర్ 48లో దీనికి లెక్క ఉంది. బయట వెలుతురు 1000 లక్స్ కన్నా తగ్గితే 2 సెకన్లలోపు లైట్లు వెలగాలి. 7000 లక్స్ దాటితే ఆరాలి, కానీ 5 సెకన్లు గడిచాకే, 300 సెకన్లలోపు. మధ్యలో ఉండే వెలుతురుకి ఏం చేయాలో కంపెనీ ఇష్టం. మన దగ్గర అమ్మే ప్రతి కారులోనూ ఇవే అంకెలుంటాయని కాదు, పద్ధతి మాత్రం ఇదే. లక్స్ అంటే ఎంతో ఒక అందాజా చెబుతాను. నడినెత్తిన ఎండ దాదాపు లక్ష లక్స్. ట్యూబ్‌లైట్ వేసిన గది కొన్ని వందలు. పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు.

విజయవాడ చిట్టినగర్ సొరంగంలోకి వెళ్ళారనుకోండి. లోపలికి వెళ్ళగానే లైట్లు వెలగాలి. బయటికి వచ్చిన వెంటనే ఆరిపోయి, ముందు ఇంకో ఫ్లైఓవర్ నీడ రాగానే మళ్ళీ వెలిగితే? ఎదురుగా వచ్చేవాళ్ళకి మీరు డిప్పర్ కొట్టినట్టు ఉంటుంది. అది జరగకూడదనే ఆ ఆలస్యం. కాబట్టి సొరంగం దాటాక నిమిషం పాటు వెలిగి ఉంటే టెన్షన్ పడకండి.

సరే, పరీక్ష చేద్దాం. ఎండలో, నీడ లేని చోట కారు ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ముందుగా లివర్‌ని చేత్తో హెడ్‌లైట్ దగ్గరికి తిప్పండి. వెలిగాయా? వెలగకపోతే మీ సమస్య సెన్సర్ కాదు. బల్బో, ఫ్యూజో, రిలేనో, స్విచ్చో చూపించుకోండి. వెలిగితే తిరిగి ఆటోకి తెచ్చి, మందంగా మడిచిన నల్ల గుడ్డతో సెన్సర్ కప్పండి. పల్చటి జేబురుమాలు, అరచెయ్యి చాలవు, సందుల్లోంచి వెలుతురు దూరుతుంది. అద్దం మీది సెన్సర్ అయితే బయట నుంచి అద్దం మీదే కప్పండి. కొన్ని సెకన్లలో లైట్లు వెలగాలి. గుడ్డ తీసి, ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ ఐదు నిమిషాల దాకా ఆగండి. ఆరిపోతే సెన్సర్, వైరింగు, కంప్యూటర్ అన్నీ బాగున్నట్టే. ఎవరైనా సెన్సర్ మార్చాలంటే ఈ పరీక్ష వాళ్ళ ముందే చేసి చూపించండి.

పరీక్షలో పాసైంది, అయినా పగలు లైట్లు వెలుగుతున్నాయి. అప్పుడు కంటికి ఏం అడ్డం వస్తోందో చూడాలి.

డాష్‌బోర్డు మీద బుడిపె ఉన్న కార్లలో మన దగ్గర మొదట చూడాల్సింది దేవుడి బొమ్మ. వినాయకుణ్ణో వెంకటేశ్వర స్వామినో సరిగ్గా నడిమధ్యలో పెడతాం, చాలా కార్లలో సెన్సర్ దగ్గరలోనే ఉంటుంది. శుక్రవారం పూజ చేసి పూలదండ వేస్తాం. దండ జారి సెన్సర్ మీద పడుతుంది, సాయంత్రం కాకుండానే లైట్లు వెలుగుతాయి. స్వామిని తీసేయమనడం లేదండి, జానెడు పక్కకి జరపండి చాలు. బొచ్చు డాష్‌బోర్డు మ్యాట్ వేసేవాళ్ళు సెన్సర్ దగ్గర గుండ్రంగా కత్తిరించుకోవాలి. ఫోన్ స్టాండు, పార్కింగ్ చీటీ, వాహన పూజ నాడు బొట్టు పెట్టినప్పుడు రాలిన కుంకుమ, వీటిలో ఏదైనా కావచ్చు.

మిర్రర్ వెనక సెన్సర్ ఉన్న కార్లకి అసలు తిప్పలు ఫాస్టాగ్‌తో. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి అది తప్పనిసరి అయింది. మిర్రర్ వెనక, అద్దం మధ్యలో అతికించమంటారు. సెన్సర్ ఉండేది కూడా అక్కడే. తొందరలో అతికించినవాళ్ళు కొందరు సరిగ్గా దాని ఎదురుగానే అంటించేస్తారు. కారు బయట నిలబడి చూడండి. సెన్సర్ కిటికీ, అంటే నల్ల చుక్కల మధ్య వదిలిన ఖాళీ, మీకు శుభ్రంగా కనిపించాలి. స్టిక్కర్ దాని మీదికి వచ్చి ఉంటే పీకి పక్కన అతికిద్దామనుకోకండి. ఆ ట్యాగ్ ఒకసారి పీకితే పాడయ్యేలా తయారుచేస్తారు. బ్యాంకుని అడిగి కొత్తది తెప్పించుకుని, చేతికి వచ్చాకే పాతది తీయండి. లేకపోతే టోల్ దగ్గర ఇబ్బంది పడతారు.

ముందు అద్దానికి ఫిల్మ్ వేయించినా ఇదే గొడవ, లోహం పూత ఉన్న ఫిల్మ్ అయితే మరీను. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. నల్ల ఫిల్ములు తీసేయమని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఇంకొకటి, బుడిపెని గ్లాస్ క్లీనర్‌తో తుడవకండి. పల్చటి పొర మిగిలి వెలుతురు సరిగా తెలియనివ్వదు. తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు.

ఇప్పుడు ఆ బుడగ సంగతి. అద్దం మీది సెన్సర్‌కీ అద్దానికీ మధ్య జెల్లీ లాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. జెల్ ప్యాడ్ అంటారు. వాన సెన్సర్ అద్దంలోకి కంటికి కనిపించని కిరణాన్ని పంపిస్తుంది. అద్దం పొడిగా ఉంటే ఆ కిరణం తిరిగి వస్తుంది. నీటి చుక్క ఉంటే కొంత బయటికి పోతుంది, కొంతే తిరిగొస్తుంది. తక్కువ వచ్చిందంటే వాన పడుతున్నట్టు లెక్క. జెల్‌కీ అద్దానికీ మధ్య గాలి బుడగ ఉంటే? అప్పుడూ తక్కువే తిరిగొస్తుంది. కంప్యూటర్ వాన అనుకుని వైపర్ తిప్పుతుంది. వైపర్ తిరిగితే లైట్లు వేసే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది కాబట్టి అవీ వెలుగుతాయి. నా కారులో జరిగింది ఇదే. పాత జెల్ ప్యాడ్‌నే పీకి కొత్త అద్దానికి అతికించారు. అది సాగిపోయి, మధ్యలో పెసరగింజంత గాలి చిక్కుకుంది. కొత్త ప్యాడ్ వేసి, అంచు నుంచి మెల్లగా నొక్కుతూ అతికించాక ఆ కారు మళ్ళీ పగలు లైట్లు వేయలేదు.

అందుకే అద్దం మార్పించేటప్పుడు మూడు మాటలు ముందే అడగండి. ఈ అద్దం సెన్సర్ ఉన్న మోడల్‌దేనా, జెల్ ప్యాడ్ కొత్తది వేస్తారా, సెన్సర్‌ని కంప్యూటర్‌తో మళ్ళీ సెట్ చేయాల్సిన మోడలైతే అది చేస్తారా. సెన్సర్ లేని బేస్ మోడల్ అద్దానికి ఆ ఖాళీ కిటికీ ఉండకపోవచ్చు. సెన్సర్ బాగున్నా చూడటానికి దారి ఉండదు.

అడ్జస్ట్‌మెంట్‌కి వస్తే, సెన్సర్‌లో స్క్రూ పెట్టి తిప్పేది ఏమీ ఉండదు. ఎంత వెలుతురుకి లైట్లు వేయాలనేది సెట్టింగులో ఉంటుంది, అది కూడా కొన్ని కార్లలోనే. హోండా కార్లు కొన్నిటిలో ఆటో లైట్ సెన్సిటివిటీ అని మాక్స్, హై, మిడ్, లో, మిన్ అంటూ ఐదు మెట్లు ఉంటాయి. మాక్స్ పెడితే ఇంకా వెలుతురు ఉండగానే వెలుగుతాయి, మిన్ పెడితే బాగా చీకటి పడ్డాకే. టయోటా మోడళ్ళు కొన్నిటిలో డీలర్ దగ్గర స్కానర్‌తో, అంటే కారు కంప్యూటర్‌కి తగిలించి చదివే మెషీన్‌తో మారుస్తారు. చాలా కార్లలో మెనూలో అసలు కనిపించదు. నా సలహా అడిగితే, పెంచడానికి వెనకాడకండి, తగ్గించే ముందు ఆలోచించండి. లైటు పావుగంట ముందు వెలిగితే పోయేదేమీ లేదు. ఆలస్యంగా వెలిగితే సంధ్యవేళ సైకిల్ మీద వచ్చే మనిషి మీకు ఆలస్యంగా కనిపిస్తాడు.

గుడ్డ పరీక్షలో ఫెయిలైతే అప్పుడు వైరింగు. రోజూ లైట్లు వెలిగే ఉంటున్నాయంటే కనెక్టర్ ఊడిందేమో చూడాలి. వైరు తెగితే లైట్లు ఆరిపోకుండా వెలిగే ఉండేలా చాలా కార్లని తయారుచేస్తారు, రాత్రి రోడ్డు మీద అంధకారం కాకూడదని. ఎలుక కొరికిందా, కొత్త అద్దం అంచు నుంచి వాననీరు దిగిందా చూపించండి. డాష్‌బోర్డు బుడిపెని మీరే విప్పేట్టయితే ఇగ్నిషన్ ఆపి, ప్లాస్టిక్ పనిముట్టుతో మెల్లగా లేపండి. వైరు లోపలికి జారిపోకుండా దారం కట్టుకోండి. ఎయిర్‌బ్యాగ్ దగ్గర్లో ఉంటుంది, అంతకు మించి లోపలికి వెళ్ళకండి. మూడు వైర్ల సాదా సెన్సర్ అయితే మల్టీమీటర్ పెట్టి, గుడ్డ కప్పినప్పుడు, తీసినప్పుడు వోల్టేజీ మారుతోందా చూడొచ్చు. వాన సెన్సర్‌తో కలిసినదైతే వైరులో వెళ్ళేది డేటా, మల్టీమీటర్‌కి అర్థం కాదు. స్కానర్ కావాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. మనకి కావాల్సినవి బి అక్షరంతో మొదలయ్యే బాడీ కోడ్‌లు. బయట ఎల్‌ఈడీ బల్బులు వేయించాక లైట్లు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం ముందు పాత బల్బులు పెట్టి చూడండి.

ఇంక సెన్సర్ బాగున్నా మీరు నమ్మకూడని చోటు ఒకటుంది. పొగమంచు. డిసెంబరులో పొద్దున్నే లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మంచు తెల్లగా ఉంటుంది. సూర్యుడు వచ్చాక అది వెలుతురుని నాలుగువైపులా పరుస్తుంది. సెన్సర్ లెక్కలో అది పగలే. పది అడుగుల అవతల ఏముందో కనిపించదు, లైట్లు మాత్రం వెలగవు. ముందు డీఆర్‌ఎల్, అంటే పగలు వాటంతటవే వెలిగే చిన్న లైటు, వెలుగుతుంటుంది కాబట్టి లైట్లు ఉన్నాయనే అనుకుంటారు. కానీ డీఆర్‌ఎల్ ముందుకే. చాలా కార్లలో దానితో పాటు వెనక ఎర్ర లైట్లు వెలగవు. వెనక వచ్చే లారీకి మీరు కనిపించరు. చట్టం కూడా సూర్యాస్తమయం లెక్కతో ఆగిపోలేదు, వెలుతురు చాలనప్పుడల్లా లైట్లు వేయాలనే 105వ నిబంధన చెబుతోంది.

కాబట్టి మంచులోకి వెళ్ళే ముందు లివర్‌ని చేత్తో హెడ్‌లైట్ దగ్గరికి తిప్పండి. మీటర్‌లో పచ్చ గుర్తు వెలిగిందో లేదో చూడండి. హై బీమ్ వద్దు, మంచు మీద పడి మీ కళ్ళలోకే కొడుతుంది. ఒకసారి కారు దిగి, వెనక్కి వెళ్ళి, ఎర్ర లైట్లు రెండూ వెలుగుతున్నాయని కళ్ళారా చూసుకుని బయల్దేరండి.