సేవ్ నొక్కాక మీ ఫైలుకు ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

టెక్స్ట్ ఎడిటర్ రాసేవాళ్లకు సేవ్ అనేది చిన్న పనిలా కనిపిస్తుంది. ఉన్న ఫైలును ఖాళీ చేసి, కొత్త పాఠాన్ని అందులో రాసేయడమే కదా! కానీ ఖాళీ చేయడం అయిపోయి, రాయడం సగంలో ఉండగా కరెంటు పోతే? పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి.

అందుకే మంచి ఎడిటర్ ముందు ఒక టెంపరరీ ఫైలు తెరుస్తుంది. మొత్తం అందులో రాసి, ఎఫ్‌సింక్ అనే ఆదేశంతో అది డిస్కుకు చేరేలా చూసి, అప్పుడు దానికి అసలు పేరు పెడుతుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో ఈ రీనేమ్ ఒక్క దెబ్బలో జరిగిపోతుంది. ఆ పేరుతో ఎవరు తెరిచినా పాత ఫైలో కొత్త ఫైలో పూర్తిగా దొరుకుతుంది, సగం ఫైలు మాత్రం దొరకదు. మ్యాక్‌లో ఒక మెలిక ఉంది. మామూలు ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్ దాకా పంపుతుంది, కానీ డ్రైవ్ సొంత క్యాష్‌లో, అంటే దాని తాత్కాలిక నిల్వలో, ఉన్నదాన్ని శాశ్వతంగా రాయించదు. దానికి ఎఫ్ ఫుల్‌ఎఫ్‌సింక్ అని వేరే ఆదేశం ఉంది.

ఆ టెంపరరీ ఫైలు అసలు ఫైలున్న ఫోల్డర్‌లోనే ఉండాలి. దీని మీద నేను పట్టుబడతాను. చాలా లినక్స్ సిస్టమ్‌లలో టెంప్ డైరెక్టరీ, అంటే తాత్కాలిక ఫైళ్లు పెట్టే ఫోల్డర్, ర్యామ్‌లో ఉంటుంది. అంటే అది వేరే ఫైల్ సిస్టమ్, ఫైళ్లను దాచే వేరే నిల్వ. ఒక ఫైల్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి రీనేమ్ కుదరదు, కాపీ చేయాల్సిందే. కాపీ మధ్యలో ఆగితే మళ్లీ మొదటి ప్రమాదమే.

విండోస్‌లో ఇంకో చిక్కు. మీ ఫైలును వేరే ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని, తొలగించే అనుమతి ఇవ్వకపోతే ఆ పేరు మీద రీనేమ్ విఫలమవుతుంది. ఒక్కోసారి యాంటీవైరస్ కూడా ఫైలును కొన్ని క్షణాలు అలా పట్టుకుంటుంది. కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించాలి. అంతేగానీ దారికి అడ్డమని అసలు ఫైలును ముందే డిలీట్ చేయడం మహాపాపం.

రీనేమ్‌కూ ఒక ఖరీదుంది. వచ్చేది కొత్త ఫైలు కాబట్టి పాతదాని అనుమతులు, యజమాని వివరాలు మనమే దానికి అందించాలి. హార్డ్ లింక్, అంటే అదే ఫైలుకున్న ఇంకో పేరు, తెగిపోతుంది. సింబాలిక్ లింక్‌ను, అంటే వేరే చోటున్న ఫైలుకు దారి చూపే గుర్తును, చూసుకోకపోతే ఆ లింకే పోయి, దాని స్థానంలో మామూలు ఫైలు కూర్చుంటుంది. విమ్ అనే ఎడిటర్‌లో, పాత ఫైలులోనే రాయాలా కొత్త ఫైలు పెట్టాలా అని ఎంచుకునే బ్యాకప్‌కాపీ సెట్టింగ్ పుట్టింది ఇందుకే.

ఇక సేవ్ చేయని రాత సంగతి. విమ్, మీ ఫైలు పక్కనే, సేవ్ చేయని మార్పులను దాచే స్వాప్ ఫైలు పెడుతుంది. దాని పేరు చుక్కతో మొదలై ఎస్‌డబ్ల్యూపీతో ముగుస్తుంది. మనం మార్చకపోతే 200 అక్షరాలు టైప్ చేశాక గానీ, 4 సెకన్లు చేతులు ఆగాక గానీ దాన్ని డిస్కుకు రాస్తుంది. అందులో ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే సంఖ్య), కంప్యూటర్ పేరు కూడా ఉంటాయి. అదే ఫైలును ఇంకో విండోలో తెరిస్తే హెచ్చరిక వచ్చేది ఆ స్వాప్ ఫైలు ఉండటం వల్లే, ఈ వివరాలు ఆ హెచ్చరికలో కనిపిస్తాయి. ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ ఆటోసేవ్ ఫైలు పేరుకు అటూ ఇటూ హ్యాష్ గుర్తులుంటాయి.

ఇలాంటి కాపీని టెంప్ డైరెక్టరీలో దాచకండి. అది ర్యామ్‌లో ఉంటే రీబూట్‌తో మాయం. డిస్కు మీదే ఉన్నా, చాలా లినక్స్‌లలో సేవలను నడిపే సిస్టమ్‌డీ మామూలు అమరికలో 10 రోజులు ముట్టని ఫైళ్లను ఊడ్చేస్తుంది. అలాగని పక్కన పెట్టడమూ పూర్తిగా క్షేమం కాదు. వెబ్ సర్వర్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఫైలు ఎడిట్ చేస్తుండగా విమ్ క్రాష్ అయితే, మిగిలిన స్వాప్ ఫైలును సర్వర్ మామూలు ఫైలులా బయటికి ఇచ్చేయవచ్చు, పాస్‌వర్డ్‌తో సహా. కాబట్టి వాడుకరి సొంత హోమ్ డైరెక్టరీలో, అతను తప్ప ఎవరూ చదవలేని ఫోల్డర్‌లో ఉంచడం మేలని నా అభిప్రాయం. సేవ్ పూర్తిగా విజయవంతమైందని తేలాకే దాన్ని తీసేయాలి. డిస్కు నిండి రాయడం ఆగిపోతే ఆ కాపీ అలాగే ఉండాలి, ఫైలు సేవ్ కాలేదని తెర మీద స్పష్టంగా కనిపించాలి.